పాత టేకు దూలంలో గీతలు లెక్కపెడితే కరువు సంవత్సరాలు దొరుకుతాయా?

నిర్మల్_పోరడు
అందరికీ నమస్కారం. మా తాతల నాటి ఇల్లు పోయిన నెలలో విప్పాం. నడింట్లో దూలం ఒకటి ఉండేది, మంచి టేకు. దాని చివర ఒక జానెడు ముక్క కోయించి ఇంటికి తెచ్చుకున్నా. ఉప్పుకాగితంతో రెండు రోజులు రుద్దితే గీతలు అద్దంలా బయటపడ్డాయి. భూతద్దం పెట్టి మధ్య చుక్క నుంచి అంచు దాకా లెక్కపెడితే 143 వచ్చాయి. అంచు నుంచి లోపలికి వస్తే 52వ గీత నుంచి 58వ గీత దాకా ఏడు గీతలు ఒకదాన్నొకటి అతుక్కున్నట్టు ఉన్నాయి, గోరు మందం కూడా లేదు. ఇల్లు 1930లో కట్టారని మా నాన్న అంటాడు. అంటే ఆ ఇరుకు గీతలు 1873 నుంచి 1879 మధ్యవి అయ్యుండాలి. ఇది పెద్ద కరువు గుర్తేనా? తెలిసినవాళ్లు చెప్పండి, రాత్రి నిద్ర పట్టట్లేదు.

సీమ_రాళ్లు
తమ్ముడూ, అది ధాత కరువే! 1876-77 ధాత నామ సంవత్సరం. మా జేజి వాళ్ల అమ్మ చెప్పిన కథలు ఇప్పటికీ మా ఇంట్లో చెప్పుకుంటారు, బ్రహ్మజెముడు పండ్లు తిని బతికారని. మన వాళ్లు కరువులకు సంవత్సరం పేర్లే పెట్టుకున్నారు కదా. గుంటూరు వైపు 1832-33 నందన కరువు, మా వైపు ధాత కరువు. ఆ దూలం ముక్క పారేయొద్దు. ఫ్రేమ్ కట్టించు.

వడ్రంగి_మనవడు
ఫ్రేమ్ తర్వాత కట్టిద్దురు గానీ, ముందు ఒక మాట. తమ్ముడూ, ఆ ముక్క అంచున తెల్ల చెక్క ఉందా, లేక మొత్తం గోధుమ రంగు చేవేనా?

నిర్మల్_పోరడు
మొత్తం చేవే అన్నా. నాలుగు పక్కలా చిత్రిక పట్టి ఉంది.

వడ్రంగి_మనవడు
అయితే నీ లెక్క పోయినట్టే. మా తాత దూలం చెక్కేటప్పుడు మొదట చేసే పని బెరడు కింద ఉండే తెల్ల చెక్కంతా తీసెయ్యడం. దానికి పురుగు పడుతుంది, చెదలు పడతాయి, చేవ మాత్రమే నిలుస్తుంది. ఆ తెల్ల చెక్కలో ఎన్నేళ్ల గీతలు పోయాయో ఎవరూ చెప్పలేరు. నాలుగు పలకలుగా చెక్కారంటే చేవలో కూడా కొంత పోయి ఉంటుంది. దూలానికి బయటి గీత అంటే చెట్టు కొట్టిన సంవత్సరం కాదు, వడ్రంగి బాడిస ఆగిన చోటు. పైగా కొట్టిన మానును వెంటనే ఇంటికెక్కించేవాళ్లు కాదు, ఆరబెట్టేవాళ్లు. వేరే పాత ఇంటి దూలం తెచ్చి వాడుకోవడం కూడా మామూలే. 1930 అన్నది ఇంటి సంవత్సరం, చెట్టుది కాదు.

సీమ_రాళ్లు
అయ్యో, మంచి కథ చెడగొట్టావు కదయ్యా.

అడవిబాట
నేను ఫారెస్ట్ డిపార్ట్‌మెంట్‌లో ముప్పై ఏళ్లు చేసి రిటైర్ అయ్యాను. టేకు గురించి నాలుగు మాటలు.

మన వైపు చెట్లన్నిటికీ గీతలు సరిగ్గా పడవు. చలిదేశాల్లో శీతాకాలం వచ్చి పెరుగుదల ఆపేస్తుంది కాబట్టి ఏడాదికో గీత ఖాయం. మనకు ఆ పని ఎండాకాలం చెయ్యాలి. టేకు ఆకు రాల్చి, వానాకాలం ముందు మళ్లీ చిగురుస్తుంది. అప్పుడు బెరడు కింద ఉన్న పలచని పొర పెద్ద పెద్ద రంధ్రాలున్న కలపని పుట్టిస్తుంది, చెట్టుకు నీళ్లు గబగబా లాగాలి కదా. పోను పోను రంధ్రాలు సన్నబడి కలప చిక్కబడుతుంది. మరుసటి ఏడు మళ్లీ పెద్ద రంధ్రాలు. ఆ చిక్కటి కలప పక్కనే పెద్ద రంధ్రాల వరస మొదలయ్యే హద్దునే మీరు గీత అంటున్నారు. అందుకే ఉష్ణమండలంలో ఈ చదువు చదివేవాళ్లకు టేకు పెద్ద వరం.

తాటి, కొబ్బరి, వెదురు, వీటిలో వెతకకండి. వాటికి చుట్టూ మందం పెంచే ఆ పొరే లేదు, కాబట్టి వలయమూ లేదు.

టేకులో కూడా మోసాలున్నాయి. జూన్‌లో వానలు పడి, జులై ఆగస్టుల్లో నెల రోజులు మొహం చాటేసి, మళ్లీ పడ్డాయనుకోండి, చెట్టు ఎండాకాలం వచ్చిందనుకుని ఒక దొంగ గీత వేస్తుంది. అప్పుడు ఒకే ఏడు రెండుగా కనిపిస్తుంది. మరీ కష్టమొచ్చిన ఏడు మానులో ఒక పక్క గీతే పడకపోవచ్చు. మీ 143 అన్నది 143 ఏళ్లే అని నేను సంతకం పెట్టను.

టీచరమ్మ_కదిరి
అడవిబాట గారూ, మా పిల్లలు ఎప్పుడూ అడిగే ప్రశ్న. మా దగ్గర తిమ్మమ్మ మర్రిమాను ఉంది కదా, దాదాపు ఐదెకరాలు పరుచుకుంది. దాని వయసు ఇలా తేల్చవచ్చా? గోల్కొండ నయా కిలాలో ఏనుగు చెట్టు సంగతేమిటి?

అడవిబాట
రెండూ కుదరవు మేడం. మర్రికి ఊడలే మానులవుతాయి. మొదటి మాను ఎప్పుడో చివికిపోయినా ఊడల మీద చెట్టు నడుస్తూనే ఉంటుంది. ఏ మానులో లెక్కపెడతారు? అసలు మర్రిలో ఏడాది గీత అంత స్పష్టంగా ఉండదు కూడా. గోల్కొండది బాఒబాబ్, ఆఫ్రికా చెట్టు. లోపల బోలుగా, మెత్తగా, నీళ్లతో నిండి ఉంటుంది, గీతలు నమ్మదగ్గవి కావు. ఆఫ్రికాలో అలాంటి ముసలి చెట్లకు కార్బన్ పరీక్ష చేసి వయసు కడుతున్నారు. మీ పిల్లలకు చెప్పండి, బతికున్న చెట్టును కొట్టి లెక్కపెట్టాల్సిన పని లేదు. ఇంక్రిమెంట్ బోరర్ అని బోలు తిరుగుడు సాధనం ఉంటుంది, పెన్సిల్ కంటే సన్నటి పుల్ల బయటకి వస్తుంది. దేవదారులాంటి చెట్లు ఆ రంధ్రాన్ని జిగురుతో మూసేసుకుంటాయి.

ట్యూసాన్_తెలుగు
ఆలస్యంగా వచ్చాను. నేనుండేది అరిజోనాలోని ట్యూసాన్‌లో. ఈ శాస్త్రం పుట్టిల్లు ఇదే, కాబట్టి ఊరుకోలేను :)

దీన్ని మొదలుపెట్టినాయన వృక్షశాస్త్రజ్ఞుడు కాదు, ఖగోళశాస్త్రజ్ఞుడు. పేరు ఎ.ఇ. డగ్లస్. సూర్యుడి మీద మచ్చలు పదకొండేళ్లకోసారి పెరిగి తగ్గుతాయి కదా, వాటి ప్రభావం వానల మీద, ఆ వానలది చెట్ల మీద ఉంటుందేమోనని గీతలు కొలవడం మొదలుపెట్టాడు. సూర్యుడి గుట్టు ఆయనకు చెట్లలో గట్టిగా దొరకలేదు. కానీ అంతకంటే పెద్దది దొరికింది. మైళ్ల దూరంలో ఉన్న చెట్లలో కూడా సన్న గీత, లావు గీత వచ్చే వరస ఒకటే. ఎండు ప్రాంతంలో కరువొస్తే అన్ని చెట్లకీ ఒకేసారి వస్తుంది మరి.

ఇక్కడే అసలు కిటుకు. బతికున్న చెట్టులో బయటి గీత ఏ ఏడుదో మనకు తెలుసు. దాని లోపలి వరసను, పాత ఇంటి దూలంలోని బయటి వరసతో పోల్చి చూస్తారు. అవి అతికితే దూలం తేదీ తెలిసిపోయినట్టే. ఆ దూలం లోపలి వరసను ఇంకా పాత దూలంతో పోలుస్తారు. ఇలా గొలుసు వెనక్కి పోతుంది. దీన్నే క్రాస్‌డేటింగ్ అంటారు.

డగ్లస్ దగ్గర రెండు ముక్కల గొలుసులుండేవి. ఒకటి ఇప్పటి నుంచి వెనక్కి పోయేది. రెండోది చాకో లోయలోని ప్యూబ్లో బోనిటో వంటి పాడుబడ్డ ఊళ్ల దూలాలది, దాని పొడవు తెలుసు గానీ ఏ శతాబ్దమో తెలీదు. మధ్యలో అతుకు లేదు. 1929 జూన్‌లో షో లో అనే ఊళ్లో సగం కాలిన దూలం ఒకటి దొరికింది, దానికి హెచ్‌హెచ్-39 అని నంబరిచ్చారు. దాని గీతలు ఆ రెండు గొలుసులనీ కలిపేశాయి. ఒక్క రాత్రిలో ఎన్నో పాడుబడ్డ ఊళ్లకి తేదీలొచ్చాయి. మెసా వెర్డే అనేచోట కొండ చరియల్లో ఇళ్లు కట్టుకున్న జనం ఆ ఊళ్లు వదిలిపోయిన రోజుల్లోనే 1276 నుంచి 1299 దాకా పెద్ద కరువు నడిచిందని అలాగే తేలింది. ఆయన 1937లో పెట్టిన ల్యాబ్ దశాబ్దాల పాటు యూనివర్సిటీ ఫుట్‌బాల్ స్టేడియం మెట్ల కిందే నడిచింది. పైన జనం అరుపులు, కింద కలప ముక్కలు.

తమ్ముడికి చెప్పేదేంటంటే, ఒక్క ముక్కతో ఏమీ తేలదు. ఒక ప్రాంతానికి ఇరవై ముప్పై చెట్లు కావాలి.

అనుమానం_శాస్త్రి
నేను మొదటి నుంచీ చదువుతున్నా. నాకో సందేహం. సన్న గీత అంటే కరువే అని ఎలా అంటారు? పక్కన పెద్ద చెట్టు నీడ పడినా సన్నబడుతుంది. పురుగు ఆకంతా తినేసినా సన్నబడుతుంది. ముసలి చెట్టు ఎలాగూ సన్న గీతలే వేస్తుంది. నిర్మల్ తమ్ముడూ, ఆ ఏడు ఇరుకు గీతల తర్వాత ఏమైంది? మెల్లగా పెరిగాయా, ఒక్కసారిగానా?

నిర్మల్_పోరడు
ఇప్పుడే చూశా. ఒక్కసారిగా. ఎనిమిదోది ఇంచుమించు మూడింతల లావు ఉంది, ఆ తర్వాత పదేళ్లు అలాగే ఉన్నాయి.

అడవిబాట
శాస్త్రి గారు మంచి ప్రశ్న వేశారు. కరువు తీరిన చెట్టు అంత లావుగా, అన్నేళ్ల పాటు పెరగడం అరుదు. నీడ తీరిన చెట్టు అలా పెరుగుతుంది. పక్కన ఉన్న పెద్ద మాను గాలికి పడి ఉంటుంది, లేదా ఎవరో కొట్టుకుపోయి ఉంటారు. పైన ఎండ, కింద నీళ్లు అన్నీ దీనికే. మేం ప్లాంటేషన్లలో సన్న చెట్లు తీసేసి మిగిలినవాటికి చోటిచ్చేది ఇందుకే. పురుగు కూడా నిజమే, టేకు ఆకు జల్లెడ చేసేసే పురుగును వర్షాకాలం మొదట్లో ఏటా చూసేవాళ్లం.

ట్యూసాన్_తెలుగు
అవును. ముసలితనం వల్ల సన్నబడేది గణితంతో తీసేస్తారు, ఒక వంపు గీసి దానికంటే ఎంత ఎక్కువ, ఎంత తక్కువ అని చూస్తారు. ఒక్క చెట్టు సొంత కష్టాలు ఇరవై చెట్ల సగటులో కొట్టుకుపోతాయి, అందరికీ వచ్చిన కష్టం మాత్రం మిగులుతుంది. ఏటి గట్టున సుఖంగా పెరిగిన చెట్టును అసలు ఎంచుకోరు. దానికి కరువు తెలీదు.

సీమ_రాళ్లు
అయితే మన దేశంలో ఎవరూ చెయ్యలేదా ఈ పని?

ట్యూసాన్_తెలుగు
ఎందుకు చెయ్యలేదు? పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ వాళ్లు కేరళ టేకుతో 1481 నుంచి 2003 దాకా, అంటే 523 ఏళ్ల వరస కట్టారు. 2010లో అచ్చయింది. ఎల్ నినో, అంటే పసిఫిక్ సముద్రం మామూలు కంటే వేడెక్కడం, వచ్చి రుతుపవనాలు దెబ్బతిన్న ఏళ్లలో గీతలు సన్నబడ్డాయని అందులో చూపించారు. లక్నోలోని బీర్బల్ సాహ్నీ సంస్థ హిమాలయ దేవదారు మీద ఎప్పటి నుంచో పనిచేస్తోంది.

అదే 2010లో ఎడ్వర్డ్ కుక్ బృందం ఆసియా అంతటా మూడు వందలకు పైగా చోట్ల చెట్ల గీతలు కలిపి రుతుపవన కరువుల పటం వేసింది. అందులో నాలుగు పెద్ద కరువులు బయటపడ్డాయి. చైనాలో మింగ్ వంశం కూలే ముందు 1638-41, ఆగ్నేయాసియా రాజ్యాలు అల్లాడిన 1756-68, తర్వాత 1790-96, ఆఖరిది 1876-78. మూడోదానికి తూర్పు ఇండియా కరువు అని పేరు పెట్టారు. దక్కన్‌లో, ఉత్తర సర్కారుల్లో పుర్రెల కరువని చెప్పుకున్న 1791-92 దానిలోదే. పూడ్చేవాళ్లు లేక ఎముకలు బాటల పక్కన పడి ఉన్నాయని ఆ పేరు. నాలుగోది మీ ధాత కరువు అన్నా.

సీమ_రాళ్లు
చూశారా! తమ్ముడి దూలంలో లేకపోతే ఏం, లోకంలో ఉంది.

సియెర్రా_శారద
నిప్పు సంగతి ఎవరూ ఎత్తలేదేమిటి? మేం కాలిఫోర్నియాలో ఉంటాం, సెకోయాలనే మహా వృక్షాలు చూడ్డానికి ఏటా వెళ్తాం. అక్కడ ఒక పెద్ద మొద్దు ముక్క పెట్టి, గీతల మధ్యలో నల్లటి మచ్చలు చూపిస్తారు. మా అబ్బాయి వాటిని చెట్టుకు వేసిన వాతలంటాడు.

అడవి నేల మీద నిప్పు పాకుతూ పోయినప్పుడు మాను ఒక పక్క బెరడు కింద పొర కాలి చస్తుంది. మిగతా వైపుల నుంచి కొత్త కలప ఆ గాయం మీదికి పెదవిలా ముడుచుకుంటూ పెరుగుతుంది. ఆ మచ్చ ఏ గీతలో ఉందో చూస్తే ఏ ఏడు కాలిందో తెలుస్తుంది. ఆ గీతలో తొలి భాగంలో ఉందా, చివరి భాగంలో ఉందా చూస్తే ఏ కాలంలో కాలిందో కూడా చెప్పవచ్చు. గీతల శాస్త్రవేత్త టామ్ స్వెట్నమ్ బృందం జెయింట్ ఫారెస్ట్ అనే సెకోయా వనంలో యాభై రెండు చెట్ల నుంచి మూడు వేల ఏళ్ల నిప్పు చరిత్ర తీసింది. అన్నిటికంటే ఎక్కువ సార్లు కాలింది 800 నుంచి 1300 మధ్య, వేడిగా పొడిగా ఉన్న కాలంలో.

నాకు ఆశ్చర్యం వేసింది ఇంకొకటి. అన్నిసార్లు కాలినా చెట్లు చావలేదు. చిన్న చిన్న మంటలు కొన్నేళ్లకోసారి వచ్చి ఎండుటాకు ఊడ్చేసి పోయేవి. సెకోయా బెరడు రెండడుగుల మందం దాకా ఉంటుంది, కాయలు కూడా వేడి తగిలితేనే బాగా విచ్చుకుంటాయి. పంతొమ్మిదో శతాబ్దం చివర నుంచి ఆ మచ్చలు ఆగిపోతాయి. గొర్రెలు గడ్డి మేసేశాయి, నిప్పు పెట్టే ఆదివాసులను అక్కడి నుంచి తరిమేశారు, తర్వాత ప్రభుత్వం ప్రతి మంటనీ ఆర్పడం మొదలుపెట్టింది. వందేళ్లు పోగైన చెత్త 2020లో కాజిల్ మంటతో అంటుకుంది. ఆ ఒక్క మంటలో 7,500 నుంచి 10,600 దాకా పెద్ద సెకోయాలు పోయాయని అంచనా, అంటే ఆ జాతి పెద్ద చెట్లలో పదో వంతుకు పైనే. మరుసటి ఏడు మళ్లీ మంటలొస్తే, జనరల్ షెర్మన్ అని పేరున్న అతిపెద్ద సెకోయా మొదలుకు కాలకుండా అల్యూమినియం రేకు చుట్టారు. ఆ ఫొటో చూసి మా ఇంట్లో అందరం ఏడ్చాం.

అడవిబాట
శారద గారూ, చాలా బాగా చెప్పారు. కానీ దీన్ని చదివి ఎవరైనా నల్లమలలో కూడా నిప్పు మంచిదే అనుకుంటారేమోనని నా భయం. మా దగ్గర ఎండాకాలంలో ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకు తగలబెడతారు, తునికాకు చిగురు బాగా రావాలనీ పెడతారు, దారిన పోయేవాడు బీడీ పారేస్తాడు. చాలాచోట్ల ఏటా కాలుతుంది. ఏటా కాలితే మొలక బతకదు. అక్కడ రోగం నిప్పు తక్కువవడం, మా దగ్గర ఎక్కువవడం.

అనుమానం_శాస్త్రి
మరి మన టేకు మీద కూడా ఆ వాతలు ఉంటాయా?

అడవిబాట
మొదళ్ల దగ్గర ఉంటాయి. నేను నరికించిన మానుల్లో ఎన్నో చూశాను. మాకు మంటలు టేకు ఆకు లేని నెలల్లో వస్తాయి కాబట్టి ఆ మచ్చ రెండు గీతల హద్దు మీదే పడాలి. సర్వీసులో ఉండగా ఈ సంగతి తెలిస్తే ఒక్క ముక్కయినా దాచిపెట్టేవాణ్ణి. డిపోలో ఆ కాలిన భాగాన్ని లోపం కింద లెక్కగట్టి కోసి పారేశాం.

టీఎంసీ_బాబు
నేను ఇరిగేషన్‌లో ఇంజనీరుని. చెట్ల గీతలకూ నీళ్ల పంపకాలకూ ఉన్న కథ ఒకటి చెప్పి పోతా.

అమెరికాలో కొలరాడో నదిని 1922లో ఎగువ, దిగువ రాష్ట్రాలు పంచుకున్నాయి. చేతిలో ఉన్న ఇరవై చిల్లర ఏళ్ల కొలతలు చూసి ఏటా మన లెక్కలో 700 టీఎంసీలకు పైగా వస్తాయనుకున్నారు. చెరి సగం చొప్పున 650 టీఎంసీల వరకు పంచేశారు, తర్వాత మెక్సికోకి కొంత. 1976లో స్టాక్టన్, జాకబీ అనే ఇద్దరు చెట్ల గీతలతో నాలుగు వందల ఏళ్ల ప్రవాహాన్ని లెక్కగడితే సగటు 590 దరిదాపుల్లో తేలింది. పంపకం చేసుకున్న ఆ తొలి ఏళ్లు నాలుగు శతాబ్దాల్లోనే మహా తడి ఏళ్లట. లేని నీళ్లు పంచుకున్నారన్నమాట. ఆ తగాదా ఇంకా నడుస్తోంది.

మన కృష్ణకు బచావత్ ట్రిబ్యునల్ 1894-95 నుంచి 1971-72 దాకా 78 ఏళ్ల కొలతలు చూసి, 75 శాతం డిపెండబిలిటీతో, అంటే నాలుగేళ్లలో మూడేళ్లు కనీసం అన్ని నీళ్లు వస్తాయన్న లెక్కతో, 2,060 టీఎంసీలు అంది. అమెరికా వాళ్ల కంటే మనది ఎంతో నయం, 78 ఏళ్లంటే తక్కువేం కాదు. కానీ ఆ 78లో ధాత కరువు లేదు చూడండి. మొదలయ్యేదే 1894లో.

పల్నాటి_పౌరుషం
అయితే మా వాటా తగ్గించాలంటారా? అసలు శ్రీశైలంలో ఎవరు ఎంత తోడుతున్నారో ముందు

మోడరేటర్
పల్నాటి గారూ, వాక్యం మధ్యలో ఆపినందుకు మన్నించండి. వాటాల మీద వేరే చర్చ ఉంది, అందులో నూట పన్నెండు పేజీలు నడిచాయి. ఇక్కడ చెట్ల దగ్గరే ఉందాం.

అనుమానం_శాస్త్రి
చివరి అనుమానం. గీతలు వాన చెబుతాయా, వేడి చెబుతాయా?

ట్యూసాన్_తెలుగు
చెట్టుకు ఏది కొరతో అదే చెబుతుంది శాస్త్రి గారూ. అరిజోనాలో, మన దక్కన్‌లో నీళ్లు కొరత. సైబీరియా అంచున, ఎత్తు కొండల మీద ఎండ కొరత, అక్కడ గీత వేసవి వేడిని చెబుతుంది. అది కూడా ఎప్పటికీ కాదు. ఉత్తరాన కొన్ని చోట్ల 1960ల తర్వాత వేడి పెరిగినా గీతలు ఆ మేరకు పెరగలేదు. అందుకే ప్రతిచోటా ముందు వానమాపకం, థర్మామీటర్ లెక్కలతో సరిచూసుకుని తర్వాతే వెనక్కి వెళ్తారు.

వడ్రంగి అన్నయ్య చెప్పిన బెరడు అంచు మాటకు ఒక ఉదాహరణ గుర్తొచ్చింది. అమెరికా వాయవ్య తీరంలో భూకంపానికి నేల కుంగి, ఉప్పునీళ్లు ఎక్కి చచ్చిన దేవదారు మోళ్లున్నాయి. మానుల మీద బెరడు రాలిపోయింది కాబట్టి ఎప్పుడు చచ్చాయో సరిగ్గా తేలలేదు. మట్టిలో కప్పబడిన వేళ్లకు మాత్రం బెరడు నిలిచింది. వాటిలో ఆఖరి గీత 1699ది. జపాన్‌లో భూకంపం లేకుండానే అల వచ్చి పడిందని రాసుకున్న తేదీ 1700 జనవరి. రెండూ ఒకటేనని అలా తేలింది.

వడ్రంగి_మనవడు
మా తాత ఉంటే ఈ మాట చెప్పి నవ్వించేవాణ్ణి. బెరడు తీసేసినందుకు కూలి తీసుకున్నాడు ఆయన.

నిర్మల్_పోరడు
వారం తర్వాత వస్తున్నా. మీరందరూ ఒక్క ముక్క చాలదన్నారు కదా, కూల్చిన కలప కుప్పలో వెతికితే వంటింటి వాసం ఒకటి దొరికింది. గుండ్రంగానే వాడారు, ఒక పక్క తెల్ల చెక్క మిగిలి ఉంది, బెరడు అయితే లేదు. దాన్ని కూడా రుద్ది, రెండింటి గీతలనీ కాగితం పట్టీల మీద పెన్సిల్‌తో దించి పక్కపక్కన పెట్టి జరిపి చూశా. అడవిబాట గారు చెప్పిందే నిజం. ఆ ఏడు ఇరుకు గీతలు రెండోదానిలో ఎక్కడా లేవు. ఆ కష్టం ఆ ఒక్క చెట్టుదే.

కానీ ఇంకోటి దొరికింది. రెండింటిలో ఒకచోట ఒక సన్న గీత, ఆ తర్వాత రెండు లావువి, మళ్లీ ఒకటి మరీ సన్నది, వెంట్రుకంత. ఈ నాలుగూ రెండు ముక్కల్లో ఒకే వరసలో ఉన్నాయి. అలా పెడితే వాసం బయటి అంచు దూలం కంటే పంతొమ్మిది గీతలు ముందుకు వచ్చింది. ఏ ఏడో తెలీదు. తెలిసేదాకా ఏ కరువు పేరూ పెట్టను.

వడ్రంగి బాబాయి వాసం ముక్కతో పూజకు పీట చేసిస్తానని మూడుసార్లు ఫోన్ చేశాడు. ఇంకో పది రోజులు ఆగమన్నా, ముందు రెండింటినీ స్కాన్ చేయించాలి. లక్నో వాళ్లకు ఉత్తరం ఇంగ్లీషులో రాయాలా, హిందీలో రాసినా చూస్తారా? ఎవరికైనా తెలుసా?